కంపెనీ యాంప్లిఫయరు, అప్పలసూరి చెవి

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో, టైర్ల కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య ఇరుకుగా ఒక రేకుల షెడ్డు ఉంది. పైన ‘సూరి సౌండ్స్’ అని బోర్డు. లోపల గోడ నిండా కారు స్టీరియోలు, స్పీకర్లు, రంగురంగుల వైర్ల చుట్టలు. షెడ్డు ముందు ఎప్పుడూ ఏదో ఒక కారు తలుపులన్నీ బార్లా తెరుచుకుని, డాష్‌బోర్డు ఊడిపోయి, ఆపరేషన్ బల్లమీది మనిషిలా పడి ఉంటుంది. దాని సీటు వెనక నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తే అవి అప్పలసూరివి.

ఇలాంటి మనిషి గురించి రాయాల్సి వస్తే మనవాళ్ళకు ఒక అలవాటు. ‘శ్రమే దైవం’ అని మొదలుపెడతారు, ‘చదువు లేకున్నా చేతుల్లో సరస్వతి’ అని ఒక పేరా లాగుతారు, చివర్లో కళ్ళు తుడుచుకుంటారు. అప్పలసూరికి ఇవేవీ అతకవు. చదువు లేకపోవడమేమిటి, బొబ్బిలిలో ఐటీఐ చేశాడు. శ్రమ దైవమే అయితే ఆ దైవాన్ని టిఫినూ, టీ, పేపరూ అయ్యాకే కొలుస్తాడు. ఇక వినయమంటారా, అది మచ్చుకైనా లేదు. “ఈ జిల్లాలో సౌండంటే నాను” అని ఎవరూ అడక్కుండానే చెబుతాడు. చెప్పుకోవడానికి తగ్గ కారణమూ ఉండేది.

కార్లలోకి రాకముందు అతనిది మైకు సెట్టు వ్యాపారం. పెళ్ళి, ప్రతిష్ఠ, ఎన్నికల సభ, గ్రామదేవత పండగ, దేనికైనా సరే పెద్ద మూతుల హారన్లు ఆటోలో వేసుకుని పాతపట్నం నుంచి భోగాపురం దాకా తిరిగాడు. సముద్రపు ఊళ్ళలో గంగమ్మ పండగైతే సగం హారన్లు ఊరివైపూ, సగం సముద్రంవైపూ కట్టేవాడు. వేటలో ఉన్నవాళ్ళకు కూడా పండగ వినపడాలి కదా అని. ఈ పద్ధతి కనిపెట్టింది తనేనంటాడు. కాదని ఎవరూ అనలేదు, ఎవరికీ పట్టలేదు గనక.

ఆ రోజుల్లో అతని చెవికి పెద్ద పేరు. హారన్లన్నీ ఒక్కసారి మోగుతుంటే కింద తల వంచుకు నిలబడి, “ఏపసెట్టు మీద దానికి జొరమొచ్చింది, దింపండి” అనేవాడు. దింపి చూస్తే దాని లోపలి రేకు చిట్లి ఉండేది. ‘సెవుల సూరి’ అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరు మీదే బేరాలు నడిచాయి, ఆ పేరు మీదే పెళ్ళి కూడా కుదిరింది. అతను చెప్పే లెక్క అది. భార్య దేముడమ్మ మాత్రం, “మా నాన్న ఆటో సూసి ఇచ్చాడు, సెవులు సూసి కాదు” అంటుంది.

తర్వాత డీజేలు వచ్చాయి. లారీ అంత ఎత్తు బాక్సులు, లైట్లు, పొగ. రెండు మూడేళ్ళలో మైకు సెట్టు తాతల కాలం సరుకైపోయింది. ఇక్కడ ‘నశించిపోతున్న జనజీవన సంస్కృతి’ అని వ్యాసం ఎత్తుకోబోయేవాళ్ళు కాస్త ఆగాలి. పరీక్షల ముందు ఆ హారన్ల కింద కూర్చుని చదువుకున్న పిల్లల్ని అడిగి, అప్పుడు రాయాలి. అప్పలసూరి అయితే ఒక్క కన్నీటి బొట్టూ రాల్చలేదు. హారన్లలో కొన్ని గుళ్ళకి అమ్మేశాడు, ఒకటి కోళ్ళగూటికి పైకప్పు చేశాడు, మిగతావి పాత సామాన్లవాడికి తూకం వేసి, స్టేషన్ రోడ్డులో షెడ్డు పెట్టాడు. ఊరి చుట్టూ జనం సెకండ్ హ్యాండ్ కార్లు కొంటున్నారు. కారు కొన్నవాడు మొదట మార్చేది సీటు కవర్లు, తర్వాత స్టీరియో. సౌండంటే సూరి. పేరు ఎలాగూ ఉంది.

ఆ పేరు మీద నమ్మకంతోనే 2016 వేసవిలో గంగరాజు వచ్చాడు.

గంగరాజుది కళింగపట్నం వైపు ఒక పల్లె. సొంత ఫైబర్ బోటు ఉంది. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం, బోటు ఒడ్డు మీద, మనిషి ఖాళీ. ఆ ఖాళీలో విశాఖపట్నంలో ఒక పాత కారు కొన్నాడు. కొత్తలో దాన్ని కొన్నవాడెవరో పాటల పిచ్చివాడు. డిక్కీలో కంపెనీ బిగించిన యాంప్లిఫయరు, వెనక అద్దం కింద లావు శబ్దాలకి కంపెనీ సబ్ ఊఫరు ఉన్నాయి. స్టీరియో మాత్రం చచ్చిపోయింది. గంగరాజు బయట టచ్ స్క్రీన్ స్టీరియో ఒకటి కొని శ్రీకాకుళంలో బిగించమంటే, అక్కడ అందరూ ఒకటే మాట చెప్పారు: కంపెనీ యాంప్లిఫయరు బయటి స్టీరియో మాట వినదు, రెండూ పీకి పారేసి కొత్తవి పెట్టుకో.

“పీకడం నాకిష్టం నేదు,” అన్నాడు గంగరాజు షెడ్డు ముందు కారు ఆపి. “ఒరే సూరీ, మా ఊళ్ళో సముద్రానికి పాటలు ఇనిపించినోడివి. ఈ డబ్బాతో మాటాడించలేవేటి?”

“ఇదేటి బావా, కొత్త పెళ్ళికూతురేటి, సిగ్గుపడి మాటాడకుండా ఉండడానికి?” అన్నాడు అప్పలసూరి. “కంపెనీ స్టీరియో ఉన్నప్పుడు అది దీన్ని రోజూ లేపీది. ‘లెగు, నాను పాడతన్నాను’ అనీసి ఓ వైరు మీద కబురెట్టీది. ఇప్పుడు కొత్తోడొచ్చాడు. ఆడి కబురు దీనికి అందట్నేదు. ఆ లేపీ వైరు పట్టుకోవాల, పాటొచ్చే వైర్లు పట్టుకోవాల. అంతే కదేటి.”

చెప్పినంత తేలిగ్గా అవలేదు. కంపెనీ కట్టలో వైర్లన్నీ ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. వాటిలో లేపే వైరును పట్టుకోవడానికే ఒక పూట పట్టింది. దాన్ని కొత్త స్టీరియో వెనకనున్న నీలం వైరుకి కలిపితే డిక్కీలో యాంప్లిఫయరు ‘టక్’మని లేచింది. తర్వాత ఒక పొరపాటు చేశాడు. మైకు సెట్టువాడి బుద్ధి: ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ మోగుతుందని, స్టీరియోలో స్పీకర్లకు వెళ్ళాల్సిన బలమైన వైర్లు తెచ్చి యాంప్లిఫయరు నోట్లో పెట్టాడు. అది పాడలేదు, అరిచింది. నాలుక కరుచుకుని అవి తీసేసి, స్టీరియో వెనక సన్నటి సిగ్నలు ఇచ్చే పిన్నుల నుంచి వేరే తీగలు లాగి కలిపాడు. అప్పుడు కారంతా పాట నిండింది. అప్పలసూరి వెనక అద్దం కింద అరచెయ్యి ఆనించి, సబ్ ఊఫరు గుండె కొట్టుకుంటోందని చూసుకుని, “ఎల్లు బావా” అన్నాడు.

గంగరాజు సంతోషంగా వెళ్ళాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

“పాట ఎనకాల ఎవుడో ఈలేస్తన్నాడ్రా,” అన్నాడు. “ఆక్సిలేటరు తొక్కితే ఈల కూడా పైకెల్తాది. వదిలితే దిగుతాది.”

అప్పలసూరి కారులో కూర్చుని విన్నాడు. పాట ఉంది. డప్పు ఉంది. ఈల లేదు. ఆక్సిలరేటరు తొక్కి విన్నాడు. ఇంజను ఉంది, పాట ఉంది, ఈల లేదు.

“బావా,” అన్నాడు దిగి, టీ బడ్డీ దగ్గరున్నవాళ్ళందరికీ వినపడేలా. “పుట్టినకాడ్నించీ సముద్రంలో మునుగుతున్నావు. నీ సెవుల్లో ఉప్పునీళ్ళుండిపోయాయి. ఓపాలి తలకిందులుగా నిలబడు, కారిపోతాయి.”

అందరూ నవ్వారు. గంగరాజు కూడా నవ్వాడు, కాస్త తక్కువగా. అప్పలసూరి మర్యాదకి ఒక వైరు తీసి ఇంకోవైపు నుంచి లాగి, అయిపోయిందన్నాడు.

అయిపోలేదు. మూడోసారి గంగరాజు ఒక్కడూ రాలేదు. భార్య లక్ష్మీనరసమ్మను తెచ్చాడు. ఆవిడ శ్రీకాకుళం మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే పక్క వీధివాళ్ళు పలుకుతారు.

“ఏటయ్యా, మా ఆయన సెవుల్లో ఉప్పునీళ్ళున్నాయన్నావంట?” అంది కారు దిగుతూనే. “ఆడివి సరే. నా సెవుల్లో ఏటున్నాయో సూడు. సేపపొలుసు ఉన్నాదేటి? నాకూ ఇనబడతన్నాది ఈల!”

“ఈలేటమ్మా. నాను స్టీరియోలు అమ్ముతాను గానీ ఈలలమ్మను.”

“అమ్మకుండానే ఇచ్చావు కదా, ఎనక్కి తీస్కో మరి!”

టీ బడ్డీవాళ్ళు ఈసారి ఆవిడవైపు చేరారు. అప్పలసూరి కోపంగా కారు స్టార్టు చేసి, పాట పెట్టి, తలుపులు తెరిచి, “రండి, ఇనండి, ఎక్కడున్నాది ఈల?” అన్నాడు. సరిగ్గా ఆ సమయానికి మధ్యాహ్నం భోజనం క్యారేజీ పట్టుకుని దేముడమ్మ వచ్చింది. ఆవిడకి ఈ గొడవేమీ తెలీదు. గంగరాజు ఎవరో తెలీదు. కారు పక్కనుంచి పోతూ మొహం ముడిచింది.

“ఏటా కూత? తలనొప్పొస్తాది, ఆపు!” అంది.

అప్పలసూరి చెయ్యి స్టీరింగ్ మీద అలాగే ఉండిపోయింది. గంగరాజు బేరానికి అబద్ధమాడొచ్చు, లక్ష్మీనరసమ్మ మొగుడి తరఫున మాట్లాడొచ్చు. దేముడమ్మకి ఏ అవసరమూ లేదు.

“అందరూ టీ తాగిరండి. సూస్తాను,” అన్నాడు నెమ్మదిగా. వాళ్ళు పక్కకి వెళ్ళారు. కారు అద్దాలన్నీ ఎక్కించుకుని, పాట ఆపేసి, స్టీరియో మాత్రం ఆన్‌లో ఉంచి, ఆక్సిలరేటరు తొక్కాడు. ఇంజను గుర్రుమంది. ఇంకేమీ లేదు. అద్దం అవతల దేముడమ్మ క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ కనుబొమలు ముడిపడి ఉన్నాయి. అప్పలసూరి కాలు తీశాడు. కనుబొమలు విడిపోయాయి. తొక్కాడు. ముడిపడ్డాయి. ఇంకా గట్టిగా తొక్కాడు. ఆవిడ ఖాళీ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంది.

జిల్లాలో సౌండంటే తనే అన్న మనిషి, తను బిగించిన సౌండుని భార్య మొహం మీద చూస్తున్నాడు.

ఇంజను ఆపి దిగాడు. ఆవిణ్ణి షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు.

“ఎప్పట్నుంచి?” అన్నాడు.

“ఏటి ఎప్పట్నుంచి?”

“నాకు ఇనబడట్నేదని నీకు ఎప్పట్నుంచి తెలుసు?”

దేముడమ్మ క్యారేజీ కింద పెట్టింది. “కోడిపిల్లలు అరిసినా నీకు తెల్దు. కుక్కరు కూతేసినా తెల్దు. మన చిన్నకూతురు ఫోను మోగితే, ‘ఇది మోగదేటి, పాడైపోనాదేటి’ అంతావు. సానా రోజులై ఉంటాది.”

“మరి సెప్పవేటి?”

“సెప్పాను. పట్టించుకోనట్టు కూకున్నావు. పొగరనుకున్నాను. తర్వాత తెలిసింది, నిజంగానే ఇనబడట్నేదని.”

పెద్ద రహస్యమేమీ కాదు ఇది. పెద్ద మూతుల హారన్ల కింద సగం జీవితం నిలబడ్డ మనిషికి సన్నటి శబ్దాలు ముందు పోతాయి. లావు శబ్దాలు మిగులుతాయి. మాట వినపడుతుంది, డప్పు వినపడుతుంది, పాట కూడా వినపడుతుంది. పోయినదేమిటో పోయినవాడికే తెలియదు. కానీ కారు సౌండు పనివాడికి మాత్రం ఆ పోయినదాన్లోనే సగం అన్నం ఉంది. స్టీరియో బిగించడం ఎవరైనా చేస్తారు. ఈల, గరగర, చిటపట, వీటిని పట్టుకుని తీసేయడానికే జనం సూరి దగ్గరికి వస్తారు. సెవుల సూరికి చెవుల్లేవని తెలిస్తే షెడ్డు తాళం వేసుకోవాల్సిందే. అప్పలసూరి లెక్క అది. తప్పు లెక్క అనడానికి కూడా లేదు.

అందుకని బయటికి వచ్చి, ఇన్నేళ్ళూ తను ఎవరిని చూసి నవ్వాడో ఆ శ్రీకాకుళం షాపులవాళ్ళ మాటే చెప్పాడు.

“బావా, కంపెనీ యాంప్లిఫయరు పోనాది. లోపల కాలిపోనాది. పీకీసి కొత్తది పెట్టుకోవాల్సిందే.”

గంగరాజు మొహం వాడిపోయింది. దేముడమ్మ వెనక నుంచి అంతా విన్నది. పదిమందిలో మొగుడి మాట తీసెయ్యడం ఆవిడ పద్ధతి కాదు. “ఓపాలి ఇటురా, అన్నం సల్లారిపోతన్నాది,” అని పిలిచి, షెడ్డు వెనక గొంతు తగ్గించి అడిగింది.

“నిజంగా పోనాదా?”

“తెల్దు.”

“తెల్దన్న మాట ఆడితో అను మరి.”

“అంటే ఏటి మిగుల్తాదే నాకు? పేరు పోతాది.”

“పొగరు పోతాది. అది పోతే మనింట్లో ఇంకో మంచం పట్టీ జాగా మిగుల్తాది.” ఆవిడ కొంగు బిగించి దోపుకుంది. “నాను ఎల్లి ముందు సీట్లో కూకుంటాను. నువ్వు వైర్లు పీకు, కలుపు, ఏటైనా సెయ్యి. ఈలున్నంత సేపూ ఉన్నాదంతాను, ఆగితే ఆగిందంతాను. అంతకన్నా నాకేటీ రాదు.”

జవాబు కోసం ఆగకుండా వెళ్ళి కారులో కూర్చుంది. ఇప్పుడు పెళ్ళాం ముందు సీట్లో ఎందుకు కూర్చుందో చెప్పక తప్పని పరిస్థితి అప్పలసూరిది. చేతిలోని కటింగ్ ప్లేయరు జేబులో పెట్టుకుని గంగరాజు వైపు తిరిగాడు.

“బావా,” అన్నాడు. “ఆ ఈల నాకు ఇనబడట్నేదు. సన్న కూతలు నాకు అందట్నేదు. హారన్ల కింద నిలబడి నిలబడి పోనాయి. ఉప్పునీళ్ళు నీ సెవుల్లో కాదు. యాంప్లిఫయరు పోనాదో నేదో కూడా నాకు తెల్దు.”

గంగరాజు అతన్ని ఎగాదిగా చూశాడు.

“ఈ మాట ముందే సెప్పొచ్చు కదరా సన్నాసీ,” అన్నాడు. “ఈ తిరుగుడు తప్పేది నాకు.”

“కోపం నేదేటి నీకు?”

“కోపం దేనికి? మా బోటు మీద ఇంజను కాడ కూకున్నోళ్ళందరికీ అంతే. మా అన్న కూర్మయ్యకి ఇంజను మోత తప్ప మరేటీ ఇనబడదు. ఇనబడదని ఒడ్డు మీద వదిలీసి ఎల్తామేటి? ఇంజను ఆడు సూస్తాడు. ఎదర బోటు హారను కొడితే మేం ఆడి వీపు మీద తడతాం. ఓ తట్టు తడితే ఆపమని, రెండు తడితే తిప్పమని. అలగే బతుకుతన్నాం. పద, నాను తొక్కుతాను, నువ్వు సూడు.”

అప్పలసూరి వెళ్ళి డిక్కీ తెరిచాడు. పేరు పోతుందని తనకు చెమటలు పట్టించిన విషయం, బోటు మీద వీపు తట్టి సర్దుకునే విషయమట.

గంగరాజు డ్రైవరు సీట్లో, దేముడమ్మ పక్కన, లక్ష్మీనరసమ్మ వెనక తలుపు దగ్గర. అప్పలసూరి డిక్కీలో తల దూర్చాడు. పాట తీగల్ని కరెంటు తీగకి దూరంగా జరిపాడు.

“ఉన్నాది,” అంది దేముడమ్మ.

స్టీరియో ఎర్తు వైరు విప్పి వేరేచోట బిగించాడు.

“తగ్గినట్టున్నాది... నేదు నేదు, ఉన్నాది.”

“వదినా, నాకు తగ్గినట్టు కూడా నేదు,” అంది లక్ష్మీనరసమ్మ.

“నువ్వు సేపల బజార్లో ఇనీదానివి, నీకు తగ్గడమేటి తెలుస్తాది?”

“ఓలమ్మ! ఈలని కనిపెట్టింది నానేనే!”

“సంత సాలు, సెప్పండి,” అని అరిచాడు అప్పలసూరి డిక్కీలోంచి. పాట తీగలు పూర్తిగా ఊడబీకాడు.

“ఆగింది! పాట కూడా ఆగింది,” అంది దేముడమ్మ.

పాట ఆగితే లాభం లేదు. కానీ ఆ ఈల యాంప్లిఫయరు లోపల పుట్టింది కాదని, ఆ తీగల మీదుగానే వస్తోందని తెలిసింది. యాంప్లిఫయరు కాలిపోయిందన్న తన మాట అబద్ధమని కూడా తెలిసింది. అతను తీగలు మళ్ళీ కలిపి, కాస్త ఆలోచించి, ఒక లావు వైరు తీసుకున్నాడు. దాని ఒక కొస ఇంజను దగ్గర బ్యాటరీ నెగటివ్‌కి తగిలించి, కిటికీలోంచి కారు పొడుగునా లాక్కొచ్చి, రెండో కొస యాంప్లిఫయరు ఎర్తు దగ్గర ఆనించాడు.

“ఆగింది!” అని ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి అరిచారు.

తీశాడు. “వచ్చింది!”

ఆనించాడు. “ఆగింది!”

ఈసారి ఇంకో సంగతి కూడా జరిగింది. దాన్ని అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వైరు ఆనించగానే సబ్ ఊఫరు దెబ్బ రెట్టింపై అతని ఛాతీకి తగిలింది. ఇన్నాళ్ళూ అది సగం ఆకలితో పనిచేస్తోందన్నమాట.

యాంప్లిఫయరు నుంచి వచ్చే ఎర్తు వైరు డిక్కీ నేలలో ఒక బోల్టు కింద బిగించి ఉంటుంది. మొదటిరోజే అతను కార్పెట్టు కొంచెమే తీసి ఆ బోల్టు తలని గీకి, టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాడు. వెలిగింది. ల్యాంపుకి సరిపోయే కొద్ది కరెంటు యాంప్లిఫయరుకి సరిపోదని తట్టక, చాలనుకున్నాడు. ఇప్పుడు కార్పెట్టు పూర్తిగా ఎత్తాడు. కింద నేలంతా నిగనిగలాడే నీలం రంగు.

“ఇదేటి బావా, ఈ రంగేటి?”

గంగరాజు మొహం వెలిగిపోయింది. “సూసావా! బోటు రంగది. సముద్రం గాలికి ఇనుము నిలబడతాదేటి? నిషేధంలో బోటుకి రంగేస్తే మిగిలింది. కారుకి కింద, డిక్కీలో, అన్నిసోట్లా ఏసాను. పైపైన కాదురా, బోల్టులన్నీ ఇప్పి, రంగులో ముంచి, తడి మీద బిగించి, మళ్ళీ పైన ఓ పూత. ఇక తుప్పన్నది దరి సేరదు!”

“తుప్పూ సేరదు, కరెంటూ సేరదు,” అన్నాడు అప్పలసూరి.

బోల్టు విప్పాడు. బోల్టు బాగానే ఉంది. దాని కింద ఎర్తు వైరు కొసనున్న రింగుకి రెండువైపులా, గోరంత మందాన నీలం పొర. కారులో కరెంటు బ్యాటరీ నుంచి వైరు మీద వస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు కారు ఇనుము మీదుగా పోతుంది. ఆ దారి మూసేస్తే అది ఊరుకోదు. పాట తెచ్చే సన్నటి తీగల మీదుగా దొంగదారి పడుతుంది. ఇంజను జనరేటరు మోతని కూడా తోడు తెచ్చుకుంటుంది. ఆ మోతే ఈల. ఫైబర్ బోటులో ఇలా జరగదు. అక్కడ ఇనుప నేలే లేదు, ప్రతి వైరూ బ్యాటరీకే తిరిగి వెళ్ళాలి. ఇనుము కనిపిస్తే రంగు పూయడం సముద్రం ఒడ్డున బతికే మనిషికి ఊపిరి తీసుకోవడంలాంటి పని. తప్పుపట్టడానికి లేదు. లక్ష్మీనరసమ్మకు మాత్రం ఆ ఇబ్బంది లేదు.

“అంటే ఇన్నాళ్ళూ ఈలేసింది మా ఆయనేనన్నమాట!” అని కారు మీద చరిచి మరీ నవ్వింది. “ఓరి నా మొగుడా! పెళ్ళైన ఇన్నేళ్ళకి ఈలేసావా?”

అప్పలసూరి గరుకు కాగితంతో బోల్టు చుట్టూ ఇనుము మెరిసేదాకా రుద్దాడు. రింగు గీకాడు. బిగించాడు. అక్కడ మళ్ళీ రంగు వెయ్యకపోతే వానలు దిగేసరికి తుప్పు పడుతుందని గంగరాజు పట్టుబట్టాడు. అదీ నిజమే. ముందు బిగింపు, తర్వాత పైన రంగు అని ఒప్పందానికి వచ్చారు. గంగరాజు కారులోనే చిన్న డబ్బా, కుంచె ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయట.

పాట మొదలైంది. దేముడమ్మ చెయ్యి ఊపింది. ఈల లేదు. అప్పలసూరి స్టీరియో దగ్గరికి వచ్చి, అలవాటుగా సన్న శబ్దాల్ని పెంచే ట్రెబుల్‌ని చివరంటా పెంచాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

“అదేటి, రంపం ఎట్టి కోసినట్టు? తగ్గించు.”

“తగ్గిస్తే పాట సచ్చిపోతాది.”

“నీకు. మాకు బతికుంటాది.”

ఆవిడే తగ్గించింది. గంగరాజు దంపతులిద్దరూ హమ్మయ్య అన్నారు. అప్పలసూరికి అప్పుడు ఇంకో సంగతి అర్థమైంది. తన దగ్గర స్టీరియో పెట్టించుకున్న ప్రతి కారూ కొన్నేళ్ళుగా అలా కీచుమంటూనే వెళ్ళిందనీ, వాళ్ళందరూ వీధి మలుపు దాటాక తామే తగ్గించుకుని ఉంటారనీ. ఒక్కరూ మొహాన అనలేదు. పేరున్న మనిషికి తప్పు చెప్పేవాడు దొరకడు. పేరుతో వచ్చే నష్టాల్లో అదొకటి.

ఆ తర్వాత విజయనగరంలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవాలనీ, మిషను పెట్టుకుంటే మాటకి సాయమనీ డాక్టరు చెప్పాడు. సంకల్పబలంతో చెవులు తిరిగి తెచ్చుకున్న కథ కోసం ఎదురుచూసేవాళ్ళు నిరాశ పడాలి. మిషను కొన్నాడు. ఇంట్లో పెట్టుకుంటాడు. షెడ్డులో పెట్టుకోడు. దాన్లోంచి అన్ని పాటలూ ఒకేలా రేకు డబ్బాలో మోగినట్టున్నాయని అతని ఫిర్యాదు. ఆ ఫిర్యాదుని డాక్టరు కూడా కాదనలేదు.

దేముడమ్మ మధ్యాహ్నాలు షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. ఊరికే రాలేదు. తనకి ఫ్యాను కావాలంది, మొగుడు డిక్కీలోంచి తన మీద అరవకూడదంది. రెండో షరతు తరచు తప్పుతుంటుంది. వైర్ల రంగుల గోల ఆవిడకి పట్టదు. వినడం మాత్రం వారం వారానికీ పదునెక్కింది. ముందు ఉంది, లేదు అని మాత్రమే చెప్పేది. ఇప్పుడు ఎక్కడుందో కూడా చెబుతోంది. “పాటలో కాదు, ఎడం తలుపులో రేకు అదురుతన్నాది” అంటుంది. అడక్కుండానే, “నీ ఇంజను బెల్టు అరుస్తన్నాది, మెకానిక్కి సూపించు బాబూ” అని కూడా అంటుంది. మెకానిక్కులకు ఆవిడంటే కొత్తగా గౌరవం పుట్టింది.

అప్పలసూరి మారిపోయాడా అంటే, లేదు. ఇప్పటికీ సౌండంటే తనే అంటాడు. ‘మా’ అనే మాట ఒకటి దాని ముందు చేర్చాడు. ‘మా సౌండు’. ఎవరి వాటా ఎంతో మాత్రం చెప్పడు.

ఆ మరుసటి ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం బొబ్బిలి నుంచి పృథ్వీరాజ్ అనే టాక్సీ డ్రైవరు వచ్చాడు. అతని కారులోనూ కంపెనీ యాంప్లిఫయరే, బయటి స్టీరియోనే. అతనితోనూ అందరూ పీకెయ్యమనే అన్నారు. విజయనగరం స్టాండులో ఎవరో చెబితే ఇక్కడికి వచ్చాడు.

“సూరి మావా అంటే నువ్వేనా?” అన్నాడు. “నీ సెవి గురించి సానా సెప్పారు. ఓపాలి ఇంటే సాలు, రోగం సెప్పీస్తావంట కదా.”

షెడ్డులో ఇంకెవరూ లేరు. దేముడమ్మ ఇంకా రాలేదు. ఆ పేరు ఇప్పుడు నిజం కాదని చెప్పమని నిలదీసేవాడు కూడా ఎవడూ లేడు. అప్పలసూరి చేతిలో ఉన్న వైరుకి టేపు చుట్టడం పూర్తిచేశాడు.

“ఆ సెవి పోనాది బాబూ,” అన్నాడు. “సన్న కూతలు నాకు ఇనబడవు. వైర్లు నాను కడతాను. ఇనీది మా ఇంటావిడ. బోంచేసి వస్తాది. ఈలోగా కట్టడం మొదలెట్టీగలను గానీ, బాగుందో నేదో ఆవిడొచ్చాకే సెప్తాను. బేగి పనుంటే ఎల్లు, ఏటీ అనుకోను.”

పృథ్వీరాజ్ రోడ్డువైపు చూశాడు, కారువైపు చూశాడు. పొద్దుటి నుంచీ ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు అతనితో ఖాయంగా పీకెయ్యాల్సిందేనని చెప్పిన మాటలు గుర్తొచ్చాయో ఏమో. ఇంజను ఆపి, తాళాలు అప్పలసూరి చేతిలో పెట్టి, టీ బడ్డీ బెంచీ మీద నీడ చూసుకుని కూర్చున్నాడు.